రెండు జట్ల సీతారాములు

దేశం కాని దేశంలో నలుగురు తెలుగువాళ్లు కలిస్తే ఐదు సంఘాలు పెడతారని ఎగతాళి చేస్తుంటారు. నేను ఒమన్‌లోని సలాలాలో ఒక బడిలో పదేళ్లుగా ఆటల మాస్టరును. నన్నడిగితే అందులో ఎగతాళి ఏమీ లేదు, ఐదు దగ్గర ఆగుతారనుకోవడమే పొరపాటు. అన్ని సంఘాలకూ శుక్రవారం సాయంత్రం కబడ్డీ కావాలి. విజిల్ ఊదడానికి మాత్రం ఏ సంఘంలోనూ చేరనివాడు కావాలి. అది నేనే. అలాంటివాడికి అందరూ కుర్చీ వేస్తారు, భోజనానికి ఎవరూ పిలవరు. ఆ కుర్చీలో కూర్చుని చూసిందే ఇప్పుడు చెప్పబోతున్నాను. చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ఊరి చివర రైసూత్‌లో ఫ్యాక్టరీల వెనక, కార్మికుల క్యాంపు గోడకూ లారీలు తిరిగే రోడ్డుకూ మధ్య కొంత ఇసుక నేల ఉంది. అదే మా మైదానం. జూన్ ఆఖర్లో మొదలై సెప్టెంబరు దాకా ఇక్కడ సన్నజల్లు పడుతుంది, ఆ కాలాన్ని ఇక్కడివాళ్లు ఖరీఫ్ అంటారు. జల్లు వెలిసి ఇసుక గట్టిపడ్డాక మా పోటీలు మొదలవుతాయి. ఆ పోటీల్లో సీతారాములు కూతకు వెళ్తుంటే పక్క క్యాంపుల పాకిస్తానీలు, బంగ్లా వాళ్లు కూడా వచ్చి గోడెక్కి కూర్చునేవారు. మనిషి పొట్టి, మెడ కురచ. సైట్లో షట్టరింగ్ పని, కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించడం. మాట్లాడితే పక్కవాడికి కూడా వినపడదు. గీత దాటాడంటే మాత్రం అవతల ఏడుగురూ తడబడాల్సిందే.

సీతారాములుది గోదావరి ఒడ్డున కుక్కునూరు మండలంలో ఒక చిన్న ఊరు. పుట్టింది ఖమ్మం జిల్లాలో. రాష్ట్రం రెండైన ఏడాదే, పోలవరం ముంపులోకి వచ్చే మండలాలని ఆ చుట్టుపక్కల ఊళ్లను ఇటు నుంచి తీసి అటు కలిపారు. రాత్రి తెలంగాణలో పడుకున్నవాడు పొద్దున ఆంధ్రాలో లేచాడు. ఆ తర్వాత జిల్లా పేరు ఇంకోసారి మారింది. ఇన్ని మారినా గోదావరి ఎప్పట్లాగే వానాకాలంలో గడప దాకా వచ్చి పలకరించి పోయేది. ప్రాజెక్టు లేచేకొద్దీ గడప దాటి లోపలికి రావడం మొదలుపెట్టింది.

ఒమన్‌కు అతణ్ణి పంపింది జగిత్యాల ఏజెంటు. అందువల్ల అతను దిగింది ఉత్తర తెలంగాణ వాళ్ల రూములో. అందరికీ పెద్ద లచ్చన్న, మేస్త్రీ. దేవయ్యది సీతారాములు ఈడు. అందరికంటే చిన్నవాడు లింబాద్రి. ఆ రూములో వంట కలిపి చేసుకుంటారు, వంతులవారీగా. క్యాంపులో చుట్టరికం కులంతోనూ ఊరితోనూ తేలదు. ఎవరి ఎసట్లో నీ బియ్యం ఉడుకుతాయో వాళ్లే నీవాళ్లు. మొదట్లో అతని యాస విని ఆంధ్రోడొచ్చాడని ఆటపట్టించారట. ఆంధ్రా వాళ్లు అదే యాస విని తెలంగాణ వాడనుకున్నారు. కొన్నాళ్లకు లచ్చన్న అతణ్ణి తమ్మీ అని పిలవడం మొదలెట్టాడు, ఆ ఎగతాళి అక్కడితో ఆగింది. ఐదేళ్లు అతను ఆ రూము వాళ్లతో కలిసి తెలంగాణ జట్టుకే కూతకు వెళ్లాడు. గెలిచిన కప్పులు రూములో మంచాల కింద, ఉల్లిపాయల పక్కన ఉండేవి.

నాగేంద్రప్రసాద్ గారు అదే కంపెనీలో ప్రాజెక్టు ఇంజనీరు. భీమవరం వైపు మనిషి, ఆంధ్రా జట్టుకు పెద్ద దిక్కు. కిందటేడు ఫైనల్లో ఓడిన సాయంత్రమే ఆయన కమిటీ ముందు అభ్యంతరం పెట్టారు. ఎవరి రాష్ట్రానికి వాళ్లే ఆడాలని మా నియమం. సీతారాములు ఊరు ఆంధ్రాలో ఉంటే అతను తెలంగాణకు ఎలా ఆడతాడని ఆయన ప్రశ్న. అతను పుట్టిననాడు ఆ ఊరు ఎక్కడుందో చూడమని లచ్చన్న లేచాడు. ఒకరు ఊరంటే ఒకరు పుట్టుకంటారు. గొంతులు పోయేదాకా అరుచుకున్నారు. అంత అరుపులోనూ సీతారాములును ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. అతను గోడ పక్కన చెప్పులు విప్పుకుంటూ, మళ్లీ వేసుకుంటూ నిలబడ్డాడు.

పోర్టులో సేఫ్టీ చూసే ఐర్లాండు పెద్దాయన ఒకరు మా ఆటకు తప్పకుండా వచ్చేవారు. గొడవ ఏమిటని అడిగితే చెప్పాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. వాళ్లదీ ఒకటే దీవి, ఫుట్‌బాల్ జట్లు మాత్రం రెండట. ఉత్తరాన పుట్టిన కుర్రవాడు ఏ జట్టుకు ఆడాలో తనే తేల్చుకోవచ్చు. పెద్ద పోటీల్లో దిగాక మాత్రం మనసు మార్చుకుంటానంటే అంత సులువుగా కుదరదు. ఆయన మేనల్లుడు అలాగే ఒక జట్టును తేల్చుకున్నాడని, ఆ తర్వాత సొంత వీధిలోనే సగం తలుపులు వాడికి మూసుకున్నాయని చెప్పారు. ఇదంతా నేను తెలుగులో కమిటీకి వినిపించాను. ఆటగాడే తేల్చుకోవాలన్న ముక్క వాళ్లకు బాగా నచ్చింది, తలుపుల సంగతి ఎవరూ చెవిన పెట్టలేదు. వచ్చే పోటీల లోపు సీతారాములు ఏదో ఒక జట్టు పేరు చెప్పాలి, చెప్పాక ఇక మార్చుకోవడానికి లేదు అని తీర్మానించి సమోసాలు తిన్నారు.

అంతవరకే అయితే సీతారాములు లచ్చన్నను విడిచేవాడు కాడు. మధ్యలోకి ఇల్లు వచ్చింది. ముంపు ఊళ్ల వాళ్లకు దూరంగా కాలనీలు కట్టి కుటుంబానికొక ఇల్లు ఇస్తున్నారు. సర్వే జరిగిన నాడు సీతారాములు ఇక్కడ చెక్కలు కొడుతున్నాడు. మగమనిషి ఎదురుగా లేడని అతని భార్య సంగీతనూ పాపనూ అన్నగారి కుటుంబంలో కలిపేశారు. అన్నకు ఇల్లొచ్చింది. ఆ రెండు గదుల్లో తోడికోడలి మాటలు పడలేక సంగీత పాపను తీసుకుని వెనక్కు వచ్చేసింది. కింద ఊరు ఖాళీ, సగం గోడలు కూలిపోయాయి. పక్కనున్న గుట్ట మీద టార్పాలిన్ కప్పిన పాకలో తల్లీబిడ్డలు ఉంటున్నారు. కరెంటు లేదు, పాముల భయం. తన పేరున ఒక ఇల్లు కావాలి, సీతారాములుకు ఈ లోకంలో ఉన్న కోరిక అదొక్కటే.

ఈ సంగతి నాగేంద్రప్రసాద్ గారి చెవిన పడింది. సైట్లో నీడకు పిలిచి, టీ చేతికిచ్చి, తన బావమరిది ఆ ఇళ్లు చూసే ఆఫీసులోనే పనిచేస్తున్నాడని చెప్పారట.

"నువ్వు మన జట్టువాడివైతే నేను గట్టిగా చెప్పగలను సీతారాములూ. అవతలి జట్టువాడి కోసం ఏమని అడగమంటావు, నువ్వే చెప్పు," అన్నారట.

ఆయన చెడ్డవారని నేను అనను. మాట ఇచ్చేటప్పుడు మనస్ఫూర్తిగానే ఇస్తారు. అది నోట్లోంచి బయటపడగానే పని అయిపోయిందనుకుంటారు, అంతే. ఇలాంటి మంచివాళ్లకంటే పచ్చి మోసగాడు నయం. వాడితో మనం ముందే జాగ్రత్తగా ఉంటాం.

కమిటీ ముందు సీతారాములు తల వంచుకుని ఆంధ్రా అన్నాడు. ఆ రాత్రే సంగీతకు ఫోన్ చేసి, వీళ్ల జట్టుకు ఆడి గెలిపిస్తే ఇల్లు వచ్చేస్తుందని చెప్పాడు. ఆయన చెప్పింది అది కాదు. సీతారాములుకు అలా అర్థమైంది, లేదా అలా అనుకుంటేనే అతనికి ధైర్యం.

రూములో ఎవరూ తిట్టలేదు. మర్నాడు బియ్యం కొలిచేటప్పుడు అతని గ్లాసు పక్కన పెట్టేశారు. అతను లచ్చన్న దగ్గర కూర్చుని, ఇల్లు గురించి, గుట్ట గురించి చెప్పబోయాడు. లచ్చన్న చివరిదాకా విన్నాడు.

"ఇల్లు గావాలె, వద్దంటలేను. మాకొక్క మాట జెప్పినవా తమ్మీ? గిన్నేండ్లు ఒక్క కుండల తింటిమి. ఇగ నీ కుండ నీది, మా కుండ మాది."

అలా అతని కుండ వేరైంది. మంచం అక్కడే, మనుషులు వాళ్లే, పలకరింపు లేదు. దేవయ్య అయితే అతని వైపు చూడటమే మానేశాడు. ఆంధ్రా జట్టువాళ్లు అంతా సలాలా ఊళ్లో కుటుంబాలతో ఉండే ఉద్యోగస్థులు. ఆట నేర్పమని కారులో తీసుకెళ్లేవారు, అయ్యాక క్యాంపు గేటు దగ్గర దించేసేవారు. టీషర్టు ఇచ్చారు, అన్నం పెట్టాలని ఎవరికీ తోచలేదు. పక్క రూములో జావెద్ అని పాకిస్తానీ డ్రైవరు ఉండేవాడు. చాలా రోజులు సీతారాములు అతని రొట్టెలే తిన్నాడు.

ఈ ఏడు ఫైనల్లో మళ్లీ ఆ రెండు జట్లే దిగాయి. ఆఖరి కూతకు ఆంధ్రా రెండు పాయింట్లు వెనకబడి ఉంది. సీతారాములు గీత దాటాడు. లింబాద్రి భుజం తాకి, వెనక్కు తిరిగాడు. అప్పుడు దేవయ్య దూకి ఎడమ మోకాలు పట్టుకున్నాడు.

ఆ మోకాలు సంగతి ఆ రూము వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఒకప్పుడు సైట్లో చెక్క జారి మీద పడింది. నడకలో కనిపించదు. ప్రతి ఆటకూ ముందు నాడు దానికి నువ్వుల నూనె పట్టించి పిండింది దేవయ్యే. ఎక్కడ నొక్కితే ప్రాణం పోతుందో ఆ చేతులకు తెలుసు. రెండు చేతులూ కలిపి అక్కడే బిగించి మెలిపెట్టాడు. లచ్చన్న నడుం మీద పడ్డాడు. ఎండుకట్టె విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

విజిల్ నా నోట్లోనే ఉంది. కూత ఆగితే ఊదాలి, ఆగలేదు. ఇద్దరు మగవాళ్లను మీద మోస్తూ, విరిగిన కాలు ఈడ్చుకుంటూ, ఇసుకలో మోచేతుల మీద పాకుతున్నాడు. కూతా ఏడుపూ కలిసిపోయి ఒకటే శబ్దం వస్తోంది. ఆపరా నాయనా అని లోపల మొక్కుకున్నాను. ఆపలేదు. వేళ్లు గీతను తాకాయి. విజిల్ ఊదాను. తాకిన లింబాద్రి, పట్టుకున్న ఇద్దరూ, ముగ్గురూ అవుట్. ఆంధ్రా గెలిచింది.

జట్టువాళ్లు నాగేంద్రప్రసాద్ గారిని భుజాల మీదికెత్తుకున్నారు. సెల్‌ఫోన్లు పైకి లేచాయి. సీతారాములు దగ్గర మిగిలినవాళ్లు అతణ్ణి పట్టుకున్నవాళ్లే.

ఆపరేషన్ అయింది. ఆ కాలు ఇక నిచ్చెన ఎక్కదని డాక్టరు తేల్చేశాడు. నిచ్చెన ఎక్కలేని షట్టరింగ్ వాడితో కంపెనీకి పనేముంది, వీసా రద్దు చేసి ఇంటికి పొమ్మన్నారు. నాగేంద్రప్రసాద్ గారు పళ్లు తీసుకుని ఆసుపత్రికి వచ్చారు. బావమరిదితో మాట్లాడారట, నిజంగానే మాట్లాడారు. సర్వే ఎప్పుడో ముగిసిందని, ఇప్పుడు ఎవరు చెప్పినా కొత్త పేరు ఎక్కదని ఆ బావమరిది అన్నాడట. ఇంకో విడత ఉంటే చూద్దామని దిండు సర్ది వెళ్లిపోయారు. సీతారాములు ఆయనకు పడుకునే దండం పెట్టాడు. నాకు ఆ పళ్లు కిటికీలోంచి విసిరేయాలనిపించింది.

టిక్కెట్టు వచ్చేదాకా అతను ఉండాల్సింది మళ్లీ ఆ రూములోనే. లచ్చన్న కుండలో ఇంకో గ్లాసు బియ్యం పోశాడు. మరుగుదొడ్లు క్యాంపు చివర ఉంటాయి. పొద్దునా సాయంత్రం దేవయ్య అతణ్ణి వీపున వేసుకుని అక్కడికి మోసుకెళ్లేవాడు, కడిగి తీసుకొచ్చేవాడు. నేను చూడబోయిన రోజు దేవయ్య కింద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు. సీతారాములు మంచం మీంచి అడిగాడు.

"తెలిసే పట్టినవా దేవయ్యా?"

దేవయ్య చేతులు ఆగలేదు. "ఎరికుండే వట్టిన," అన్నాడు. "ఇంకేడ వట్టినా నువ్వు దొరకవు."

"నేనైనా ఆడనే పట్టేవాణ్ణి," అన్నాడు సీతారాములు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద కోపమో చెప్పలేను. ఆ ఇద్దరి మీద మాత్రం కాదు. టీ తాగి పొమ్మంటున్నా వినకుండా బయటికి వచ్చేశాను.

విమానాశ్రయానికి నా కారులోనే తీసుకెళ్లాను. దేవయ్య డ్యూటీ మానుకుని వచ్చాడు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, కాలి కింద తన తువ్వాలు మడిచి పెట్టాడు. అప్పుడు సంగీత ఫోన్ చేసింది. గుట్ట మీద సిగ్నల్ సరిగా రాదు, ఆవిడ గట్టిగా మాట్లాడుతుంది, సీతారాములు స్పీకరులో పెట్టాడు. కాలు బెణికింది, సెలవు మీద వస్తున్నాను అని మాత్రమే ఇంట్లో చెప్పి ఉంచాడు.

"గెలిచిన వీడియో ఇయ్యాలే చూసినం. పాప అందరికీ చూపెడతంది. ఇంక ఇల్లు ఇచ్చినట్టే గదా? గోడలకు నీలం రంగు కావాలంటంది, ఏం చెప్పమంటవు?"

సీతారాములు మా ఇద్దరి వైపూ చూశాడు. దేవయ్య కుర్చీ పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు.

"నీలమే వేద్దామని చెప్పు," అన్నాడు సీతారాములు.

అవతల పాప ఆ మాట ఎవరికో అరిచి చెప్పడం మా ముగ్గురికీ వినిపించింది.