ఎద్దు ముట్టినంకనే చారు

సత్తవ్వ ఉలువలు పొయ్యి మీద పెట్టిందంటే చందూరుల సగం వాడకు వాసన పోతది. గదీ ఏడాదికొక్కసారే, ఎడ్లకు పూజ జేసే పొలాల అమాస పండుగకు. రాత్రి నానబెట్టిన ఉలువలు పొద్దుగాల్నే గుండిగల పోసి సన్నమంట మీద పెడితే పొద్దువంగే దాంక ఉడకాలె. ఉడికిన గింజ బెల్లం గలిపి ఎడ్లకు. వార్చిన కట్టు మల్ల చిక్కగ మరిగించి, చింతపులుసు పోసి, ఎల్లిపాయ పోపు పెడితే మనుషులకు చారు. ఎడ్లు గంపల మూతి పెట్టంది ఇంట్ల ఎవ్వలు చారు ముట్టద్దు. అత్తకాలం నుంచి వస్తున్న రివాజది. ఆకలైతుందని ఎవలన్న గంటె ఎత్తితే సత్తవ్వ ఊకుంటదా, చెయ్యి మీద ఒక్కటేస్తది.

ఈ ఏడు మాత్రం పొయ్యి కాడ కూసున్నదన్న మాటే గాని ఆమె పాణం కుదురుగ లేదు.

నెల కింద చెరుకు తోటల పాము కరిచి బూరోడు సచ్చిపోయిండు. పదేండ్లు సుక్కనితోటి ఒక్క కాడి మోసిన ఎద్దు. అప్పటిసంది సుక్కడు మేత ముడుతలేడు. పచ్చిగడ్డి ఏసినా, చెరుకాకు ఏసినా నాలుగు పోసలు నమిలి మూతి తిప్పుకుంటడు. వర్ని నుంచి పశువుల డాక్టరొచ్చి సూది ఏసి, రోగమేం లేదు, దిగులేనని చెప్పి పోయిండు. దిగులుకు సూది ఏడుంటది?

సత్తవ్వ మొగడు లింబయ్య ఇరవై రోజులు సూసిండు. ఆఖరికి, పొలాల అమాస నాడు ఉలువలు గూడ ముట్టకపోతే రామ్‌దాస్‌కు ఇచ్చేద్దమన్నడు. రామ్‌దాస్ ఎడ్ల బేరగాడు. ఆయన కొన్న ముసలెడ్లు ఏడికి పోతయో ఎవ్వలు అడుగరు, అందరికీ ఎరుకే. ఆ మాట ఇన్నకాడినుంచి సత్తవ్వకు బువ్వ సయిస్తలేదు.

లింబయ్య సుక్కనికి తానం చేయించిండు, కొమ్ములకు రంగేసిండు. చేసినంతసేపు ఎద్దు మొకం సూడలే, పెండ్లాం మొకమూ సూడలే. సత్తవ్వ సూసింది గాని, అలిసిండేమో అనుకున్నది.

పొద్దు వంగింది. గింజ ఏళ్లనడుమ పెడితే ఎన్నలెక్క నలిగింది. బెల్లం కలిపి గంపకెత్తి సుక్కని ముంగట పెట్టింది. సుక్కడు వాసన సూసిండు, తల ఎత్తిండు, ఎడమదిక్కు సూసుకుంట నిలబడ్డడు. చారెడు తీసి నోటికిస్తే గింజలన్నీ కిందికి జారినయి. ఇంత పొద్దంత ఉడకబెడితే ఏం తక్కువైందిరా నీకని సత్తవ్వకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చినయి.

అప్పుడు యాదికొచ్చింది. ఏ పొలాల అమాసకు తను ఒక్క గంప పెట్టింది? ఎన్నడూ రెండే. సుక్కడు తన గంప ఎన్నడన్న ముందు ముట్టిండా? దొంగోనిలెక్క బూరోని గంపల మూతి పెట్టి, కొమ్ము పోటు తిన్నంకనే తన దాంట్లెకు వచ్చేటోడు. ఏడాదికోసారి తిట్లు గూడ తినేటోడు.

సత్తవ్వ ఉరికి అటుక మీది రెండో గంప దించింది. సగం ఉలువలు అండ్ల పోసి, ఎడమదిక్కు బూరోన్ని కట్టేసే గుంజ కాడ పెట్టింది. సుక్కడు పలుపు తాడు సాగేదాంక మెడ జాపి, ఆ గంపల మూతి పెట్టిండు. నమిలిండు. మల్ల పెట్టిండు.

"దొంగోడా, ఇంకా దొంగతనమేనా," అనుకుంట సత్తవ్వ దాని గంగడోలు నిమిరింది. కండ్లకెళ్లి నీళ్లు కారుతనే ఉన్నయి.

సంబురంగ మొగని దిక్కు మర్లింది. లింబయ్య గద్దె మీద తల దించుకొని కూసున్నడు. సుక్కడు ఉలువలు ముట్టడనే అనుకున్నడట. పొద్దుగాల్నే రామ్‌దాస్‌కు ఫోను జేసిండట. సుక్కన్ని ఎక్కించుకపోయే వ్యాను అప్పుడే బోధన్ దాటిందట.

సత్తవ్వ ఇంట్లెకు పోయి చారుకు పోపు పెట్టింది. పళ్లెంల ఉత్త బువ్వ పెట్టి తెచ్చి మొగని ముంగట పెట్టింది. చారు గంటె చేతులనే పట్టుకున్నది.

"ఎద్దు ముట్టింది," అన్నది. "ఇగ నువ్వు ముడ్తవో లేదో నీ చేతులనే ఉన్నది."

లింబయ్య ఉత్త బువ్వ దిక్కు సూసిండు. బయట గంప నాకుతున్న సప్పుడు ఇనబడుతున్నది. అంగి జేబుల నుంచి ఫోను తీసిండు.

"రామ్‌దాస్, వ్యాను మర్లగొట్టు. మా సుక్కడు తిన్నడు."

సత్తవ్వ గంటె నిండ చారు ముంచి ఆయన బువ్వల పోసింది. తను మాత్రం తినలే. కొట్టంలకు పోయి, బూరోని గుంజ పట్టుకొని నెల రోజుల ఏడుపు ఏడ్చింది.