కడలికీ కొండకూ ఎడారికీ కబురు చెప్పిన శాస్త్రిగారు

నరహరిశాస్త్రిగారు ఇక లేరన్న వార్త నాకు పలాస స్టేషనులో తెలిసింది. సోంపేట నుంచి వచ్చిన మా బడి గుమాస్తా రైలు దిగుతూనే నా చెయ్యి పట్టుకుని, “మేస్టారూ, శాస్త్రిగారు బారువలో పోనారండీ, వడదెబ్బ” అన్నాడు. మొన్న సాయంత్రమే కలిసి టీ తాగిన మనిషి. ఏ శాస్త్రిగారని అడిగాను. ఎవరో తెలియక కాదు, మరొకరి పేరు చెబుతాడేమోనన్న దురాశతో.

సోంపేట హైస్కూలులో ఆయన భూగోళం చెప్పేవారు, నేను తెలుగు. వారిది పౌరోహిత్యం చేసుకునే కుటుంబం. ఉగాదినాడు అన్నగారు సముద్రపు ఒడ్డునున్న బారువలో పంచాంగశ్రవణం చేస్తే, అది ముగిశాక తమ్ముడు లేచి నిలబడేవారు. “అన్నయ్య సంవత్సర ఫలం చెప్పాడు. నేను ఈ రెండు నెలల గాలి సంగతి చెబుతాను” అని మొదలుపెట్టేవారు. ముందు కడలి, తర్వాత మహేంద్రగిరి, చివరికి ఎక్కడో పడమటి సరిహద్దులోని ఎడారి. మూడు చోట్ల వసంతం ఎలా గడవబోతోందో, రేడియో విని, పుస్తకాలు చదివి, ఆకాశం చూసి చెప్పేవారు.

కడలి సరే, కొండ సరే, బారువ జనానికి ఎడారి ఎందుకని మొదటిసారి నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. “ఏమోయ్, ఎడారి వేగితేగాని మనకు వాన కదలదు. అదొకటి. ఈ ఉద్దానం ఊళ్లలో కొడుకును పటాలానికి పంపని వీధి ఉందేమో చూపించు. అది రెండోది” అన్నారు.

ఆ రెండో కారణం నిజమని కొద్దిసేపటికే కళ్లారా చూశాను. కవిటి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ జనంలోంచి ముందుకొచ్చి, “మా ఓడు ఆ ఇసకలోనే ఉన్నాడు బావూ. అది మన ఒడ్డునున్న ఇసకలాంటిదేనా?” అని అడిగింది.

“అలాంటిదేనమ్మా. కాని పక్కన నీళ్లుండవు.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శాస్త్రిగారు వేదిక దిగి ఆమె దగ్గరికి వెళ్లి, “పగలు గాలి ఇసక లేపుతుంది, కళ్లు తెరవనివ్వదు. రాత్రి మాత్రం ఇసక తొందరగా చల్లారుతుంది. నీ కొడుక్కి నిద్ర పడుతుందమ్మా” అన్నారు. ఊరట కోసం అబద్ధం చెప్పడం ఆయన స్వభావంలో లేదు. ఉన్న నిజంలోనే ఊరటనిచ్చే ముక్క కోసం వెతికేవారు.

ఆయన మాటకు తీరంలో విలువ ఉండేది, విసుగూ ఉండేది. ఒకసారి ఈదురుగాలి వస్తుందని తెప్పలు ఆపించారు. ఆకు కదలలేదు. ఒక పూట వేట పోయిందని జాలరులు ముఖం మీదే తిట్టారు. ఆయన తల వంచుకుని విని, “తిట్టండి నాయనా. తిట్టడానికి మీరందరూ ఉన్నారు కదా, నాకదే చాలు” అన్నారు. ఆ మాట ఈ తీరంలో చాలాకాలం చెప్పుకున్నారు, కొందరు మెప్పుగా, కొందరు వెటకారంగా.

దానికి మరుసటి ఏడాది చైత్రంలో జరిగినదాన్ని ఇప్పుడు రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆకాశం నిర్మలంగా ఉంటుందని ఉదయం రేడియో చెప్పింది. శాస్త్రిగారూ అదే చెప్పారు. మధ్యాహ్నం దాటాక మహేంద్రగిరి వైపు నుంచి నల్లటి మబ్బు విరుచుకుపడింది. జాలరి అప్పన్న, అతని తమ్ముడు వెళ్లిన తెప్ప తిరిగి రాలేదు. తమ్ముడి శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అప్పన్న దొరకనే లేదు.

శాస్త్రిగారు ఆ ఇంటికి వెళ్లారు. నేనూ వెంట ఉన్నాను. అప్పన్న భార్య నీలమ్మ ఆయనను చూసి ముఖం తిప్పుకుంది. తిట్టి ఉంటే భరించేవారేమో! ఆనాటి నుంచి అన్నం ముందు కూర్చున్నా సగంలో లేచిపోయేవారు. రేడియో వినడం మానలేదు గాని, అదొక్కటే నమ్మడం మానేశారు. కొండ దిగి సంతకు చింతపండు తెచ్చే సవరల దగ్గర నిలబడి కొండమీద గాలి ఎటు తిరిగిందో అడిగేవారు.

తర్వాతి ఉగాదికి పంచాంగశ్రవణం అయిపోయినా ఆయన లేవలేదు. అన్నగారు కళ్లతో సైగ చేశారు. శాస్త్రిగారు తల అడ్డంగా ఊపారు. అప్పుడు ఆడవాళ్ల మధ్య నుంచి నీలమ్మ గొంతు వినిపించింది.

“ఏటి మేస్టారూ, సెప్పరా?”

ఆయన లేచి చేతులు జోడించారు. “నా మాట నమ్మి నీ ఇల్లు పాడైందమ్మా. ఏ ముఖంతో చెప్పను?”

“మా ఇంటాయన్ని గాలి తీసుకుపోనాది. మీరు కాదు. మీ మీద కోపం నేదని అన్ను, ఉంది. అయినా మీరు సెప్పినా సెప్పకపోయినా మా ఓళ్లు ఏటకెళ్లక మానరు. రేపు నా కొడుకు ఎల్తాడు. సెప్పండి, సూసుకుంటాడు.”

ఆయన చెప్పారు. ఈసారి ప్రతి మాట చివరా “నాకు తెలిసినంతలో” అని చేర్చారు. విద్వత్తుకు అంతకంటే గొప్ప అలంకారాన్ని నేను చూడలేదు.

ఇక ఆ చివరి దినం. బడి సెలవు. సోంపేటలో ఆయన మహేంద్రగిరి మీద మబ్బు చూశారట. బారువ బస్సు అప్పటికే వెళ్లిపోయింది. మిట్టమధ్యాహ్నం, వడగాలిలో, నెత్తిన తువ్వాలుతో నడిచి వెళ్లారు. తెప్పలు దించబోతున్నవాళ్లను చేరి, “ఈ పూట వద్దు” అన్నారు. ఎవరూ ఎదురు చెప్పలేదు. నీలమ్మ కొడుకు అందరికంటే ముందు తెప్పను పైకి లాగాడు. అది చూస్తూ శాస్త్రిగారు ఇసుకలో కూలిపోయారు.

దగ్గరలో ఉన్నది నీలమ్మ ఇల్లే. అక్కడే పడుకోబెట్టి తడిగుడ్డలు వేశారు. డాక్టరు వచ్చేసరికి తెలివి లేదు. పొద్దు వాలుతుండగా ఈదురుగాలి వచ్చింది. కొబ్బరిచెట్లు వంగిపోయాయి, ఇళ్లమీది తాటాకు లేచిపోయింది. పలాసలో కబురు విని నేను చేరేటప్పటికి అంతా అయిపోయింది. నీలమ్మ గుమ్మంలో కూర్చుని చెప్పింది:

“గాలొచ్చినాది మేస్టారూ, మా ఓళ్లందరూ ఒడ్డునే ఉన్నారు అని సెవిలో గట్టిగా అరిసినాను బావూ. రెండుసార్లు సెప్పినాను. ఇన్నారో నేదో.”

మహాశయా! మీరు విన్నారో లేదో మాకెవరికీ తెలియదు. మీకు నివాళి ఘటించవలసిన ఈ చేతికి మాటలు చాలడం లేదు. మీ స్థానంలో కొత్త మాస్టారు వస్తారు, పాఠం చెబుతారు. కాని తీరంలో బతుకుతున్నవాళ్ల కోసం ఎండలో నడిచి వచ్చి, పొరబడితే వాళ్ల గుమ్మం ముందు తల వంచి నిలబడే మనిషిని ఈ ఉద్దానం మళ్లీ ఎక్కడ వెతుక్కుంటుంది?