పదకొండో నంబరు మంచం

రెండువేల ఒకటో సంవత్సరం జూన్‌లో నన్ను పంజగుట్టలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆర్థో ఆడవార్డుకు ఇన్‌ఛార్జి సిస్టర్‌గా వేశారు. ఎముకలు విరిగినవాళ్ళ వార్డు అది. పన్నెండు మంచాలు, షిఫ్టుకు ముగ్గురు నర్సులు. మందులు డాక్టర్లు రాస్తారు గాని, ఏ మంచం ఎవరికన్నది ఇన్‌ఛార్జి సిస్టర్ మాట. ఆ అధికారం చిన్నదే అయినా నాకు మహా ముద్దుగా ఉండేది. ఇప్పుడు దాచుకోవడం ఎందుకు!

మా నర్సుల్లో చాలామందిమి క్రైస్తవులం. పొద్దున ఏడింటికి డ్యూటీ అప్పగింతలకు ముందు వార్డు గుమ్మం దగ్గర గుండ్రంగా నిలబడి ప్రార్థన చేసుకునేవాళ్ళం. మంచం నంబరు చెప్పి, రోగి బాధ చెప్పి, స్వస్థత అడగడం మా అలవాటు. ప్రభువును నమ్మనివాళ్ళ కోసం చివర్లో ఒక మాట ఎక్కువ ఉండేది, నిన్ను ఎరిగే భాగ్యం దయచేయుము తండ్రీ అని. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. కొందరైతే తమ నంబరు మరిచిపోవద్దని గుర్తుచేసేవారు కూడా.

ఆగస్టులో రజిత వచ్చింది. హిజ్రా. బోరబండలో ఉంటూ, మైత్రీవనం చుట్టుపక్కల దుకాణాల్లో అడుక్కునేది. ఇంటర్వ్యూలకు వెళ్ళే అక్కడి కంప్యూటర్ కోర్సు పిల్లలు ఆమె చేత దీవెన పెట్టించుకుని మరీ వెళ్ళేవారట. అమీర్‌పేటలో రోడ్డు దాటుతుంటే కారు గుద్ది తొడ ఎముక విరిగింది. గుద్దినవాళ్ళే ఖర్చు పెట్టుకుని మా ఆసుపత్రిలో చేర్చారు. గాయం మురికిపడింది కాబట్టి ఆపరేషన్ కుదరదని సర్జన్ ట్రాక్షన్ వేశారు. అంటే మోకాలి కింద ఎముకలోంచి స్టీలు పిన్ను దూర్చి, దానికి తాడు కట్టి, మంచం చివర కప్పీ మీదుగా బరువు వేలాడదీస్తారు. ఆ బరువు కాలిని నెలల తరబడి కదలకుండా లాగిపట్టి ఉంచాలి.

క్యాజువాలిటీ రిజిస్టరులో మగ, ఆడ అని రెండే గడులు. డ్యూటీ డాక్టరు మగ గడిలో టిక్కు పెట్టాడు. మగవార్డులో వెకిలి నవ్వులు, దుప్పటి లాగడాలు. పూట గడవకముందే అక్కడి ఇన్‌ఛార్జి ఆమెను బయటికి తోయించేశాడు. చివరికి ఆమె మంచం మా గుమ్మానికి ఎదురుగా, వరండాలో ఆగింది. భోజనాల బండి, స్ట్రెచర్లు, వచ్చేపోయేవాళ్ళు తగిలినప్పుడల్లా బరువు ఊగేది. బరువు ఊగితే ఎముక జరుగుతుంది. పాపం, ఆ మనిషి పెట్టే కేకలు వినలేకపోయేవాళ్ళం. ఇలాగే ఉంటే కాలు పొట్టిగా అతుక్కుని జీవితాంతం కుంటాల్సి వస్తుందని సర్జన్ రెండోరోజే చెప్పారు.

నా వార్డులో మూలన పదకొండో మంచం ఖాళీ. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. కానీ పదో మంచం మీద శ్రీనగర్ కాలనీ సుబ్బలక్ష్మి గారు తుంటి విరిగి ఉన్నారు. ఆవిడ కోడలు ముందే నా దగ్గరకు వచ్చి, "ఏంటి సిస్టర్ గారు, దాన్ని మా పక్కన పెడతారా ఏంటి? అలా అయితే మేం వేరే ఆసుపత్రికి వెళ్ళిపోతాం" అంది. చూద్దాంలెండి అని తప్పించుకున్నాను.

మూడోరోజు ప్రార్థన నా వంతు. రజితకు నంబరు లేదు కాబట్టి పేరు పెట్టి, లోకం వెలివేసిన ఈ బిడ్డను నువ్వు చేరదీయుము తండ్రీ అని గొంతెత్తి, కన్నీళ్ళు పెట్టుకుని అడిగాను. బాగా చేశాననే అనుకున్నాను. ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి రజిత నన్నే చూస్తోంది.

"సిస్టరమ్మా, నా కోసం మస్తు మంచిగ అడిగిండ్రు. గా మూలకున్న మంచం మాత్రం దేవుణ్ణి అడిగే పని లేదు గద. అది మీ చేతిలనే ఉన్నదంట!"

ఒళ్ళు మండిపోయింది. జూనియర్ల ముందా! నోరు మూసుకుని పడుకోమని కసిరాను. అప్పగింతలకు కూర్చుంటే రిజిస్టరులో ఒక్క ముక్క తలకెక్కలేదు. పదకొండుకు ఎదురుగా 'ఖాళీ' అని మూడురోజులు వరసగా నేనే రాసిన మాట మాత్రం కనబడింది. సిగ్గుతో చచ్చిపోయాను. వెలివేసినవాళ్ళ పక్కన కూర్చుని భోంచేసిన ప్రభువు గురించి చిన్నప్పటి నుంచీ విన్నదాన్ని. ఆయన్ని వరండాలోకి పిలిచి, తలుపు మాత్రం నేను వేసుకున్నాను.

రిజిస్టరు మూసి లేచాను. ట్రాక్షన్ రోగిని ఎత్తం, మంచాన్నే తోస్తాం. ఒకరు బరువును ఊగకుండా పట్టుకుని నడవాలి, కానీ పైకి లేపకూడదు. ఆ బరువు నేనే పట్టుకున్నాను. నా మోకాళ్ళు అప్పటికే అరిగినవి, వంగి నడుస్తుంటే అమ్మో అనిపించింది. ఖాళీ మంచం బయటికి, రజిత మంచం మూలకి.

కోడలు లేచి నిలబడింది. ఆవిడ నోరు విప్పేలోపే సుబ్బలక్ష్మి గారు అందుకున్నారు. "నువ్వు కూర్చోవే. మూడురోజులుగా ఆ కేకలు వింటూ నాకు కంటిమీద కునుకు లేదు. ఇంకాస్త ఇటు తోయించండి సిస్టర్. మా మనవడికి వచ్చేవారం ఇంటర్వ్యూ ఉంది, దీవెన పెట్టించుకోవాలి."

మూడురోజులు నేను భయపడింది ఈ పాటి దానికా! నాకు నవ్వాగలేదు.

పది వారాలకు ఎక్స్‌రేలో ఎముక అతుక్కున్నట్టు కనబడింది. పిన్ను తీశాక రెండు కాళ్ళూ టేపుతో కొలిచాం. తేడా అర అంగుళం కూడా లేదు. చంకకర్రలతో నడక నేర్పి, డిశ్చార్జి కాగితాలు రాస్తుంటే రజిత అడిగింది, తను మా దేవుణ్ణి నమ్మాలని నేను రోజూ ప్రార్థనలో అడుగుతున్నానా అని. అడుగుతున్నాను, ఇక ముందు కూడా అడుగుతాను అని ఉన్నమాట చెప్పాను.

"అడుగుండ్రి అమ్మా, ఏం ఫికర్ లేదు. నేను సుత మీ మోకాళ్ళ కోసం ఎల్లమ్మకు మొక్కిన" అంది.

ఆ తరవాత రిటైరయ్యేదాకా చాలా వార్డుల్లో పనిచేశాను. నమ్మనివాళ్ళ కోసం ప్రార్థన ఎక్కడా మానలేదు. ఒక్క మార్పు చేశాను. కళ్ళు మూసుకునే ముందు ఖాళీ మంచాల నంబర్లు పైకి చదివించి, నా చేతిలో ఉన్నవి ముందు పూర్తిచేసేదాన్ని. ఇక దేవుణ్ణి అడగాల్సినవి చాలా కొద్దిగానే మిగిలేవి.