కొబ్బరికాయ కుస్తీ

కామారెడ్డిలో ఈ మధ్య కొబ్బరికాయకు జుట్టు మిగల్చడం మానేశారు. నున్నగా గొరిగి అమ్ముతున్నారు. మొన్న కొత్త స్కూటరు ముందు కొట్టబోతే పట్టుకోవడానికి పీచు లేక, కాయ జారి నా కాలి బొటనవేలి మీద పడింది. కాయ పగలలేదు. వేలి సంగతి చెప్పను. అమ్మినాయనకు చెప్పుకుంటే "గట్టి కాయ సార్ అది" అని సంతోషపడ్డాడు.

ఆ వేలితో కుంటుకుంటూనే ఆదివారం ఎల్లారెడ్డి బస్సెక్కాను. కాలేజీ దోస్తు ఒకాయన మా దిక్కు పేరున్న మనుషుల మీద, మెట్ల బావుల మీద, జాతరల మీద పుస్తకం వేస్తున్నాడు. పహిల్వాన్ల భాగం నాకప్పజెప్పాడు. నేను జన్మలో దోమలతో తప్ప ఎవరితోనూ కలబడలేదు. మా నాయన అన్న, పెద్దబాపు, పహిల్వాన్ కాబట్టి ఆ అర్హత నాకు వంశపారంపర్యంగా వచ్చి ఉంటుందని దోస్తు అనుకున్నాడు.

మా ఊరు లింగంపేట దాటినాక వస్తుంది. మా జాతరలో కుస్తీలు కొబ్బరికాయతో మొదలై వెండి కడెంతో ముగుస్తాయి. మొదటి కుస్తీ గెలిచినవాడికి కాయ. అది మర్యాద కుస్తీ. వయసుడిగిన పహిల్వాన్లు ఇద్దరు భుజాలు పట్టుకొని, పడిపోకుండా ఒకరికొకరు సాయం చేసుకుంటూ కాసేపు తిరిగి దిగిపోతారు. కడెం కుస్తీ అట్లా కాదు. దానికి దెగ్లూరు నుంచి, బీదరు నుంచి మనుషులొస్తారు. కాయ కోసం పట్టినవాడు ఆ రోజు కడెం కోసం పట్టగూడదు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదు గాని, తప్పినవాళ్లయితే లేరు.

పెద్దబాపు తన కాలమంతా కడేన్ని ఊరి పొలిమేర దాటనియ్యలేదు. తర్వాత ఒక కుస్తీలో మెడకు దెబ్బ తగిలింది. అప్పుడు నేను కామారెడ్డిలో డిగ్రీ చదువుతున్నాను. అక్కడ డాక్టరుకు చూపించింది నేనే. ఇంకోసారి ఆ మెడ మీద బరువు పడితే నడుము కింద ఏదీ పనిచెయ్యదన్నాడు డాక్టరు. బయటికొచ్చి పెద్దబాపు, "పట్టు వట్టేది చేతులతోని గద" అన్నాడు. నేను నవ్వాను. పెద్దమ్మ నవ్వలేదు. ఆ ఏడు జాతర ముందు ఆయన ఆమె చేతిలో చెయ్యి వేసి "ఈసారి బరిల దిగనే దిగ" అన్నాడు. ఆమె నమ్మినట్టే కనిపించింది.

జాతర రోజు పొద్దున పెద్దమ్మ పసుపు కోసం తమ్ముడింటికి పోయింది. ఇంట్లో డబ్బాడు పసుపు ఉంది. నేను పట్టించుకోలేదు. ఆ తమ్ముడే బరికి పెద్దమనిషి. కుస్తీలు మొదలుకాగానే మైకులో "కాయ కుస్తీకి మా బావ రావాలె" అని పిలిచాడు. పెద్దబాపు సిగ్గుపడ్డట్టు నటించి, ఆ వయసుకు మించిన తొందరతో వెళ్లాడు. ఎదుటాయనకు పళ్లు లేవు. కాయ గెలిచి, కండువాలో మూటగట్టుకొని, నా ముందు, పెద్దమ్మ ముందు వచ్చి కూర్చున్నాడు. ఆయన మొహం అంత వెలగడం ఆ మధ్యలో నేను చూడలేదు.

పొద్దు వాలేసరికి దెగ్లూరు పహిల్వాన్ ఒకడు మా పిలగాండ్లందరినీ వరసగా మట్టిలో పరిచాడు. పరిచి, తొడగొట్టుకుంటూ బరి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. మూడు సుట్లు తిరిగేలోపు ఎవరూ దిగకపోతే కడెం అతనిది. మొదటి సుట్టులో మావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండో సుట్టుకు అందరూ పెద్దబాపును చూశారు. డప్పుల జోరు పెరిగింది.

"అన్నా, ఊరి ఇజ్జత్ పోతున్నదే!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"మెడ నొస్తే పానం పోతదా అన్నా? కడెం పోతే మల్ల రాదు!" అన్నాడు ఇంకొకడు.

పెద్దమ్మ వెనక్కి తిరిగి, "నీ మెడ ఇయ్యి రా, పెట్టుకొని దిగుతడు" అంది.

అప్పటికే పెద్దబాపు అంగీ విప్పుతున్నాడు. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆమె గోళ్లు దిగుతున్నా నేను చెయ్యి లాక్కోలేదు. "దిగ అంటివి గద" అంది. ఆయనకు వినబడలేదో, వినలేదో. తాడు దాటి, మట్టి తీసి నుదుటికి పెట్టుకున్నాడు. దెగ్లూరువాడు ఆగాడు. అతని చూపు సరాసరి పెద్దబాపు మెడ మీదికి పోయింది. తప్పుపట్టడానికి లేదు, ఆ పనే అటువంటిది.

"బావా, ఆగు." అన్నాడు పెద్దమ్మ తమ్ముడు మైకులో. "నువ్వు కాయ వట్టినవ్. కడెం వట్టద్దు."

డప్పులు ఆగిపోయాయి.

"బామ్మర్దీ, అది ఉత్తగ ఆటకు వట్టింది కదరా!"

"ఆటనో ఏందో. కాయ నీ కండువల ఉన్నది."

"గీ ఒక్కసారి ఇడిసిపెట్టున్రి!" అని జనంలోంచి ఎవరో అరిచారు. తమ్ముడు మైకు నోటికి అట్లాగే పట్టుకొని, తల అడ్డంగా ఊపాడు. పెద్దబాపు మెల్లగా మా దిక్కు తిరిగాడు. మెడ తిరగదు కాబట్టి మనిషి మొత్తం తిరిగాడు. పెద్దమ్మను చూశాడు. ఆమె తల దించలేదు. పసుపు సంగతి నాకప్పుడు అర్థమైంది. ఆయనకూ అప్పుడే అర్థమైనట్టుంది. దెగ్లూరువాడు మూడో సుట్టు పూర్తి చేశాడు, నిదానంగా, ఎవరినీ చూడకుండా.

ఆ తర్వాత నేను ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో మాటలన్నీ నా మీదుగా నడిచాయి. "మీ పెద్దమ్మను నీళ్లియ్యమను" అని ఆయన, "బిందె ఆడనే ఉన్నదని చెప్పు" అని ఆమె. నేను కామారెడ్డికి తిరిగి వెళ్లిపోయినంక వాళ్లకు మళ్లీ మాట్లాడుకోక తప్పలేదు.

మొన్న ఆదివారం పోయేసరికి పెద్దబాపు మక్కచేను చూసి వస్తున్నాడు, తన కాళ్ల మీద. పెద్దమ్మ అరుగు మీద, చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. పుస్తకం సంగతి చెప్పి, ఆయన గెలిచిన కుస్తీలన్నీ అడిగి రాసుకున్నాను. ఉత్సాహంగా చెప్పాడు, ఒక్కో పట్టూ గాలిలో పట్టి చూపించాడు. చివరి జాతర దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు. ఆ కడెం ఇన్నేండ్లలో ఎన్ని చేతులు మారిందో, కరిగి ఏ పసిపిల్ల పట్టీలయిందో; కాలం వెండిని కూడా అంతగా మార్చేస్తుంది గదా అని నేను ఏదో వేదాంతం మొదలుపెట్టాను. ఆయన నా మాట వినడం లేదు. పెద్దమ్మ దిక్కు చూస్తున్నాడు. ఆమె కత్తెర తునికాకు మధ్యలో ఆగింది.

"గా దినం దిగనిస్తే నేను గెలుస్తుంటి" అన్నాడు.