పడవవాడి నడక అనుకున్నాను

హెలికాప్టర్ మమ్మల్ని ఉదయం ఎనిమిదీ పదికి దింపింది. ఇంజను ఆపలేదు. ఆ ఎత్తులో ఆపితే మళ్ళీ అందుకుంటుందన్న నమ్మకం లేదు. పదిహేడు వేల అడుగులు దాటిన మంచు కొండ మీద పోస్టు. వంగి పరుగెత్తమన్నారు. నాలుగు అడుగులు వేసేసరికి ఊపిరందక మోకాళ్ళ మీద కూలబడ్డాను. ఇద్దరు జవాన్లు రెక్కలు పట్టుకుని లేపారు. నేను వాళ్ళకి వైద్యం చెయ్యడానికి వచ్చిన నర్సింగ్ అసిస్టెంటుని. డాక్టరు కింద బేస్‌లో ఉంటాడు. పైన జబ్బు కనిపెట్టాల్సిందీ, సూది వెయ్యాల్సిందీ నేనే.

పోస్టులో పదకొండు మందిమి. ఫైబర్ గుడిసెలు మూడు. ఒకదాంట్లో ఒక మూల నా ఆసుపత్రి. ఆక్సిజన్ సిలిండర్లు ఆరు, స్టెతస్కోపు, వేలికి తొడిగే ఆక్సీమీటరు, సూదిమందుల పెట్టె. మందు గడ్డకట్టకుండా ఆ పెట్టెని నా స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకుని పడుకునేవాణ్ణి. మంచి ఎండ కాసిన రోజు మైనస్ పద్దెనిమిది.

ఆర్డరులో ఏ అనుమానానికీ చోటు లేదు. ఉదయం ఏడింటికి, సాయంత్రం ఐదింటికి ప్రతి మనిషినీ చూడాలి. నాడి, ఆక్సిజన్, ఛాతీ. తల ఎలా ఉంది, ఏం తిన్నాడు, ఎంతసేపు పడుకున్నాడు, అడగాలి. ఆఖరున నేల మీద గీసిన గీత వెంట, ఒక కాలి మడమ రెండో కాలి వేళ్ళకి ఆనేలా పది అడుగులు నడిపించాలి. అంత ఎత్తులో ఒక్కోసారి మెదడు వాస్తుంది. అప్పుడు మొట్టమొదట తప్పేది నడకే. నోరు ఒప్పుకోకపోయినా కాళ్ళు ఒప్పుకుంటాయి. ఈ పాఠంలో నాకు మంచి మార్కులే వచ్చాయి లెండి.

మెషిన్ గన్ చూసే గన్నరు మన గోదావరివాడే. రావులపాలెం నుంచి కిందికి పోతే ఏటిగట్టు పక్కన పేట. చేపలు పట్టే కుటుంబం. ఇరవై నాలుగేళ్ళు. మాది తణుకు పక్క పల్లె, వరీ చెరుకూ. అంత దూరాన, ఆ మంచులో, "ఆయ్" అనేవాడు ఒకడు దొరికేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏరా, తలనొప్పేం లేదుగా?"

"ఆయ్, లేదండి."

"బానే పడుకున్నావుగా?"

"ఆయ్, పడుకున్నానండి."

మన ఊళ్ళలో పలకరింపు ఇంతే కదా. జవాబు కూడా మనమే అందించేస్తాం. అవతలివాడు తలూపితే చాలు. పెద్దవాడు "లేదుగా" అని అడిగాక "ఉందండి" అనడానికి మనవాళ్ళకి నోరెక్కడ పెగులుతుంది? మిగతా తొమ్మిది మందినీ ఆర్డరు ప్రకారం హిందీలో అడిగేవాణ్ణి, గీత మీద నడిపించేవాణ్ణి. వీణ్ణి మొదటి మూడు రోజులే నడిపించాను. తీగ లాగి కట్టినట్టు తిన్నగా నడిచాడు. నాలుగో రోజు నుంచి మానేశాను. మనవాడే కదా, వీడికి ఈ పరీక్షలేంటి అనుకున్నాను. ఆ టైములో పులసల గురించి, వరదల గురించి కబుర్లు చెప్పుకునేవాళ్ళం.

పన్నెండో రోజు, ఉదయం ఏడూ పది. గన్నరు గుమ్మం దగ్గర తడబడి లోపలికొచ్చాడు. కాళ్ళు ఎడంగా వేస్తున్నాడు. ఎడమ పక్కకి ఒరుగుతున్నాడు. కుడిచేతి గ్లవ్ ఎడమచేతికి తొడుక్కున్నాడు.

"ఏరా, ఇంకా పడవలోనే ఉన్నావేంటి?" అన్నాను.

పక్కన రేడియో ఆపరేటరు ఉంటే అతనికి హిందీలో విడమరిచి చెప్పాను. వీళ్ళు పడవ మీద పుట్టి పడవ మీద పెరిగారు, నేల మీద వీళ్ళ నడకే ఇంత అని. ఇద్దరం నవ్వాం. గన్నరూ నవ్వాడు. మూడు రోజులు నా కళ్ళ ముందు తిన్నగా నడిచినవాడు. ఆ సంగతి నాకు గుర్తే రాలేదు. చేలున్నవాళ్ళం, పడవలవాళ్ళ సంగతి మాకు తెలియకపోవడమేంటి అన్న పొగరు తప్ప మరేం కాదది.

ఆక్సిజన్ అందరికీ ఉన్నంతే ఉంది.

"తలనొప్పేం లేదుగా?"

"ఆయ్... అదేంటంటేనండి..."

బయట హెలికాప్టర్ చప్పుడు వినిపించింది. కిరసనాయిలు డబ్బాలు దించుకోవాలి. "సర్లే, టీ తాగి కాసేపు పడుకో. తర్వాత చూద్దాం" అన్నాను. ఫారంలో లక్షణాలు ఏమీ లేవని రాశాను. నడక దగ్గర బాగుందని రాశాను. సంతకం పెట్టాను.

పోస్టుకి పెద్ద అయిన సుబేదారు బయటి నుంచి కేకేశాడు. "కిందికి పంపాల్సిన కేసుందా?"

"లేదు సాబ్."

ఏడూ నలభైకి హెలికాప్టర్ ఖాళీగా వెళ్ళిపోయింది. పదకొండింటికి మబ్బు దిగి కొండ కనిపించకుండా పోయింది.

మధ్యాహ్నం రెండింటికి గన్నరు లేవడం లేదని పిలుపొచ్చింది. పక్కంతా వాంతి. ఆక్సిజన్ పెట్టాను. సూది వేశాను. తొందరలో ఒక మందు ఆంప్యూలు పగిలింది. రేడియోలో డాక్టరు.

"పిలిస్తే పలుకుతున్నాడా? ఓవర్."

"మూలుగుతున్నాడు సార్. ఓవర్."

"పొద్దున్న గీత మీద నడిపించావా? ఓవర్."

స్విచ్ నొక్కి పట్టుకున్నాను. ఆపరేటరు నా వంకే చూస్తున్నాడు.

"నడిపించాను సార్. బాగానే నడిచాడు. ఓవర్."

"ఈ మబ్బులో హెలికాప్టర్ రాలేదు. ఆక్సిజన్ ఆపకు. ఆరు గంటలకోసారి సూది. ఓవర్."

రెండో సూది దాకా రాలేదు. సాయంత్రం ఆరుంబావుకి పోయాడు.

విచారణకి వచ్చిన అధికారి మర్యాదగా అడిగాడు. లక్షణాలు అడిగావా? అడిగాను సార్. ఏమన్నాడు? రోజూ లేదనే అన్నాడు సార్. చూశారా, ఆ ఒక్క పొద్దుటిది తీసేస్తే ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. నడక సంగతి ఫారంలో ఉండనే ఉంది. ఆపరేటరు నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. తప్పు వాతావరణం మీదకి తోసి ఫైలు కట్టేశారు. మబ్బు వచ్చి తన తరఫున సాక్ష్యం చెప్పుకోదు కదా.

ఇప్పుడు రాజమండ్రిలో ఒక నర్సింగ్ కాలేజీలో నాచేత పాఠం చెప్పిస్తున్నారు. రోగితో మాట్లాడటం ఎలా అన్నది సబ్జెక్టు. స్లైడ్లు వాళ్ళే ఇచ్చారు. నవ్వుతూ పలకరించండి. పేరు పెట్టి పిలవండి. వారి భాషలో మాట్లాడండి. ఛీ! నేను నవ్వాను. పేరు పెట్టి పిలిచాను. వాడి భాషలోనే, వాడి యాసలోనే మాట్లాడాను. వాడి చేత మాట్లాడించలేదంతే. పిల్లలు శ్రద్ధగా స్లైడ్లు ఫోటోలు తీసుకుంటారు. ఈ కథ మాత్రం వాళ్ళకి ఇంతవరకూ చెప్పలేదు.

రిటైరై పెన్షన్ కాగితాలు తెచ్చుకున్న నెలలోనే గన్నరు ఇంటికి వెళ్ళాను. గట్టు దిగుతుంటే వాళ్ళ నాన్న పడవ దిగుతున్నాడు. భుజం మీద తడిసిన వల. పడవకీ ఒడ్డుకీ మధ్య జానెడు వెడల్పు బల్ల. దాని మీద చెయ్యి చాపకుండా, కిందికి చూడకుండా, తిన్నగా నడిచి వచ్చాడు. ఒడ్డున బురదలోనూ అలాగే నడిచాడు. అరవై ఏళ్ళు పడవ మీద బతికిన మనిషి.

వాళ్ళమ్మ కుర్చీ వేసింది. టీ ఇచ్చింది. ఏడవలేదు.

"మావోడు ఫోన్లో సెప్పాడండి. మనూరి సైడు పెద్దాయన ఒకాయన ఉన్నారమ్మా, మందులియ్యీ ఆయనే సూత్తారు, నువ్వేం బయపడకు అన్నాడండి."

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"ఆరోజు పొద్దున్న మీకాడికొచ్చాడంట గదండీ. ఏవన్నాడండి? యాడ నొప్పన్నాడండి?"

ఆమె నా ఎదురుగా నేల మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తొందరపెట్టలేదు. నేను ఒక్క మాటన్నా చెబుతానని కాస్త ముందుకి వంగి, నా నోటి వంకే చూస్తూ ఉంది.