పచ్చడైపోయిన పరిశోధన

ఆ రోజుల్లో యూనివర్సిటీలో కాలు పెడితే చాలు, బుద్ధి దానంతటదే వచ్చేస్తుందని మా ఇంట్లో గట్టి నమ్మకం. చీరాలలో మగ్గాల మధ్య పెరిగిన నాకు, గుంటూరు దగ్గర అంత పెద్ద యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బోటనీ సీటు వచ్చేసరికి ఆ నమ్మకం నాకూ అంటుకుంది. (మొక్కల లాటిన్ పేర్లు గడగడా చెప్పేవాణ్ణి. మొక్కల్ని చూసింది మాత్రం బస్సు కిటికీలోంచే.)

హాస్టల్లో పక్కగది సీనియర్‌ని అందరం డాక్టరన్న అనేవాళ్లం. మార్టూరు వైపు రైతుబిడ్డ. పీహెచ్‌డీ ఇంకా రాలేదు గానీ పేరు ముందే వచ్చేసింది. మిరపలో కొత్త రకం కోసం ఏదో చేస్తున్నాడని తెలుసు, ఎక్కడ చేస్తున్నాడో ఎప్పుడూ అడగలేదు.

ఒక ఆదివారం పొద్దున ల్యాబు వెనకగా వెళ్తుంటే, తీగ కంచె లోపల పదిపన్నెండు మిరప మొక్కలు, నిండా పండుకాయలు కనిపించాయి. మెస్సు సాంబారుతో చప్పబడ్డ నాలిక్కి అమ్మ నూరే పండుమిరపకాయ పచ్చడి గుర్తొచ్చింది. తోటమాలి వేసుకున్నవనుకున్నాను. ప్రతి తొడిమకీ ఎర్రదారం, దానికో కాగితం ముక్క. దిష్టికి కట్టాడేమోననుకుని, నేత ఇంటివాణ్ణి గనక ముళ్లన్నీ ఓపిగ్గా విప్పి మరీ కోశాను. తువ్వాలు నిండింది.

"కాయ భలే ఉందే, ఎక్కడిదబ్బాయ్?" అన్నాడు మెస్సులో వంట బాబాయ్. "తోటమాలి ఇచ్చాడు" అన్నాను. (అడిగితే ఇచ్చేవాడే కదా అని.) చింతపండూ ఉప్పూ వేసి నూరి, వెల్లుల్లి తాలింపు పెట్టాడు. మధ్యాహ్నం డాక్టరన్న నా పక్కనే కూర్చుని, కళ్లవెంట నీళ్లు కారుతున్నా మూడుసార్లు వేయించుకున్నాడు. "కారంతోపాటు కమ్మదనం ఉందిరా దీన్లో. విత్తనం దొరికితే మా నాన్న చేత వేయిస్తా" అన్నాడు.

సాయంత్రం ఆయన ఆ బోసి మొక్కల మధ్య కూలబడి ఉన్నాడని తెలిసి పరిగెత్తాను. "ఒక్కో పువ్వుకీ చేత్తో పుప్పొడి రాసి, దారం కట్టుకున్నా. రేపు విత్తనం తీద్దామనుకున్నా" అన్నాడు నేల చూస్తూ. "కాయలిచ్చింది తోటమాలేనట. బాబాయ్ చెప్పాడు. రేపు ప్రొఫెసరుగారితో చెప్పి పనిలోంచి తీయించేస్తా."

తోటమాలికి ముగ్గురు పిల్లలు.

"ఆయన కాదన్నా. నేనే కోశా."

"దారాలు కనపళ్లేదా?"

"దిష్టిదారాలనుకున్నా."

కింద పడున్న ఎర్రదారం ఒకటి తీసి చూసుకున్నాడు. "అంటే నా థీసిస్‌ని నేనే తిన్నానన్నమాట."

"మూడుసార్లు వేయించుకున్నావన్నా" అన్నాను, ఆ క్షణంలో నోరెందుకు తెరిచానో తెలియదు. ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడని భయపడ్డాను. నవ్వుతున్నాడు.

తల్లి రకాల విత్తనం సీసాల్లో మిగలబట్టి ఒక్క ఏడాదే పోయింది. మళ్లీ పంటకాలానికి నన్నే పనిలో పెట్టాడు. రోజూ పొద్దున్నే, పువ్వు విచ్చకముందే సన్నటి పట్టకారుతో కేసరాలు తీయాలి, పుప్పొడి అద్దాలి. మిరప పువ్వు తల వంచుకుని పూస్తుందని అప్పుడే మొదటిసారి చూశాను. శిక్ష అనుకుని మొదలుపెట్టినవాణ్ణి, సెలవులకు ఇంటికి వెళ్లడం కూడా మానేశాను. ఏడాది ఆలస్యంగా అన్నకు డాక్టరేటు వచ్చింది.

ఇప్పుడు నేనూ బోటనీ పాఠాలు చెబుతున్నాను. మొన్న ఒక కుర్రాడు పత్తి మొక్కను చూపించి బెండ అన్నాడు. కోప్పడబోయి, ఎందుకో నవ్వొచ్చి ఆగిపోయాను. "పదవయ్యా, చేలోకి పోదాం" అని చెప్పులేసుకున్నాను.