కాంటా మీద నుంచి దేవుడు నన్ను దింపిన సంగతి

సహోదరులారా, నాకు యేసయ్యను గూర్చి మొట్టమొదట చెప్పినది మా ఊరిలో చీరలకు ఫాల్స్ కుట్టే మార్తమ్మ. బడి ముఖం చూడని నన్ను తన అరుగు మీద కూర్చోబెట్టుకొని అక్షరాలు దిద్దించినదీ ఆమే, కనుక ఈ నాలుగు మాటలు రాయగలిగినందుకు దేవునికి స్తోత్రం, ఆమెకు వందనాలు.

నా పెళ్లయిన రెండో ఏడు మా అడవి పక్క ఊళ్లనుంచి ఆడవాళ్లం తిరుమలాయపాలెం వైపు మిరప కోతలకు పోయాము. ఒళ్లు మండకుండా చీరల మీద మగవాళ్ల పాత చొక్కాలు తొడుక్కునేవాళ్లం. అక్కడి మేస్త్రి మమ్మల్ని పేర్లతో పిలిచేవాడు కాదు, వంగినప్పుడు కనబడినదాన్నిబట్టి ఒక్కొక్కరికి ఒక పేరు పెట్టాడు, అవి ఈ పత్రికలో రాయలేను. ఒక సాయంత్రం కాంటా మీద కాయలు తూచేటప్పుడు నా పక్క సాలులో ఏరే ముత్తమ్మతో, "కాయలు దించి నువ్వెక్కవే, నీ తూకమెంతో చూద్దాం" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను! వాడి కన్ను నా మీద పడలేదు గదా అని నవ్వాను. ముత్తమ్మ నా వంక ఒక్కసారి చూసింది. తెల్లారి ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం వాడు నాతో, "నిన్నటిది పాయె, ఇయ్యాల నువ్వెక్కు" అన్నాడు. నేను నవ్వినట్టే అందరూ నవ్వారు.

ఇంటికి వచ్చాక నేను ఆ చొక్కా విప్పలేకపోయాను. ఎండాకాలమంతా అదే, స్నానమూ దానితోనే, ఒళ్లంతా పొక్కులు. నేను తక్కువైతే చూడడానికీ తక్కువుంటుందని తిండి మానుకున్నాను, అద్దాన్ని గోడవైపు తిప్పేశాను, మా ఆయన ప్రేమగా చూసినా ఆ నవ్వే వినబడేది, చచ్చిపోతే ఎవరూ చూడరు గదా అని కూడా అనుకున్నాను. "ముట్టలేదు గదా, ఉత్తగ నవ్వులాటకన్నడు, ఊకో" అనేది మా అత్త.

అందరూ చొక్కా విప్పమన్నవారే. మార్తమ్మ మాత్రం వచ్చి, వేలాడుతున్న పై గుండీని చూసి, సూది తీసి గట్టిగా కుట్టింది. "నీకు ఇప్పాలనిపించిననాడు ఇప్పు బిడ్డా, అందాక ఊడకుండ కుడుత" అని, నా తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, ఈ బిడ్డ పేరు రాములమ్మ. నువ్వు చూసినట్టు ఇది తనను తాను చూసుకునేటట్టు చెయ్యి" అని ప్రార్థించింది. ఎన్నాళ్లకు నా పేరు విన్నాను! ఆమె ఒడిలో పడి ఏడ్చాను.

తర్వాత ఆమే నన్ను ఖమ్మం దవాఖానాకు తీసుకపోయింది, మనసుకూ మందులుంటాయని డాక్టరమ్మ చెప్పింది, మాత్రలు మింగాను, ప్రార్థన మానలేదు. మరుసటి వేసవిలో ఒక ఆదివారం ఆరాధనకు బయలుదేరుతూ ఆ గుండీలు నేనే విప్పి, చొక్కాను మార్తమ్మ ఇంటి చిలక్కొయ్యకు తగిలించాను. దేవునికే మహిమ! ఇప్పటికీ సంతలో కాంటా చూస్తే నా చెయ్యి లేని పై గుండీ కోసం వెతుక్కుంటుంది, అయినా నిలబడగలుగుతున్నాను. నావలె కుమిలే అక్కచెల్లెళ్లారా, ఆయన మనల్ని తూచడు, ఆయన దగ్గరకు రండి.

మొన్న ముత్తమ్మ ఊరు వెతుక్కుంటూ పోయాను. ఆమె గడప దాటి ఎన్నేళ్లో అయిందని వాళ్లమ్మ చెప్పింది. తలుపు బయట నిలబడి, నవ్వినందుకు క్షమించమని అడిగాను. తలుపు సందులోంచి చూస్తే ఆమె ఒంటి మీద ఇంకా ఆనాటి మిరప కోతల చొక్కా ఉంది.

మళ్లీ పోతాను, సూదీ దారమూ పట్టుకొని పోతాను. మీరు మోకరించినప్పుడు ఆమెను తలచుకోండి, పేరు పెట్టి తలచుకోండి. ముత్తమ్మ.